అసహ్యం అన్న మాట

మార్కాపురానికి దాపున ఒక పలకల గనిలో ఓబులేసు అనే మేస్త్రీ ఉండేవాడు. పనిలో అతనంతటివాడు లేడు గానీ, ఒకసారి ఎవరి మీదైనా మనసు విరిగిందంటే ఆ మనిషి చెప్పే ఏ మాటా చెవిన పెట్టేవాడు కాదు.

అలా అతని మనసు విరిగింది గురవయ్య మీద. గురవయ్య రాతిని పొరలు పొరలుగా విడదీసే కూలీ. మాట్లాడే ముందు ముక్కు ఎగబీల్చేవాడు. అందరూ తలొంచుకుని పనిచేసే చోట పెద్దగా నవ్వేవాడు. ఒకనాడు యజమాని ఎదుటే, "మేస్త్రీ, రాయి మీద నువ్వు గీసిన గీత వంకర పోయింది," అన్నాడు. గీత నిజంగానే వంకర పోయింది. అది జరిగి మూడేళ్లయినా గురవయ్య కనబడితే చాలు, ఓబులేసు మొహం తిప్పుకునేవాడు. "వాడంటే నాకు అసహ్యం. వాడి గొంతు వింటేనే ఒళ్లు మండుతుంది," అనేవాడు.

ఆ ఏడు శ్రావణంలో మూడు రోజులు ఎడతెగని ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున తెరిపి ఇచ్చింది. అందరికంటే ముందు వచ్చిన గురవయ్య గనిలోకి దిగి చూసి, గబగబా పైకి వచ్చాడు. ఒడ్డున ఓబులేసు ఒక్కడే ఉన్నాడు.

"మేస్త్రీ, తూర్పు గోడ గుల్ల పలుకుతోంది. సుత్తితో కొట్టి చూశాను. లోపల పొర విడిపోయినట్టుంది. ఇయ్యాల ఎవర్నీ దించొద్దు."

ఓబులేసు అతని వైపు చూడనైనా లేదు. "ఇక్కడ మేస్త్రీవి నువ్వా, నేనా?"

"నువ్వే. అందుకే నీకు చెబుతున్నా. ఒక్కసారి దిగి విను."

"నీ పాఠాలు నాకొద్దు. చేస్తే పని చెయ్యి, లేకపోతే ఇంటికి పో."

గురవయ్య దిగలేదు. ఇంటికీ పోలేదు. మేస్త్రీ ఎలాగైనా దిగి గోడ చూస్తాడని ఒడ్డునే నిలబడ్డాడు.

మిగతా కూలీలు వచ్చారు. ఎనిమిది మంది నిచ్చెన దిగారు. వాళ్లలో రాతిముక్కలు తట్టకెత్తే నాసరమ్మ ఒకతి. ఆమె మొదటి మెట్టు మీదే ఆగి, "అన్నా, ఇంత వాన పడింది కదా, గోడలు చూశావా?" అని అడిగింది.

"నేనున్నాగా, దిగమ్మా," అన్నాడు ఓబులేసు. ఆమె దిగింది.

పొద్దెక్కాక అతనూ దిగాడు. గురవయ్య మాట విననని అనుకున్నాడే గానీ, కాళ్లు వాటంతట అవే తూర్పు గోడ దగ్గరికి నడిచాయి. సుత్తితో ఒక దెబ్బ వేశాడు. మంచి రాయి ఖంగుమంటుంది. ఈ రాయి డొల్ల కుండలా పలికింది. కాస్త కిందికి వంగి మళ్లీ కొట్టాడు. అదే చప్పుడు. పగులు లోంచి సన్నటి పొడి జారి అతని మణికట్టు మీద పడింది.

అప్పుడే కేక వెయ్యాల్సింది. కేక గొంతు దాకా వచ్చింది కూడా. కానీ తలెత్తి చూస్తే ఒడ్డు మీద గురవయ్య నిలబడి ఉన్నాడు. ఇటే చూస్తున్నాడు. 'పైకి రండి' అన్నానా, వాడు గెలిచినట్టే. ముక్కు ఎగబీల్చి నవ్వుతాడు. ఆ నవ్వు తలచుకోగానే కేక గొంతులోనే ఆగిపోయింది. 'ఇంకాసేపట్లో అన్నాల వేళవుతుంది. వాళ్లంతట వాళ్లే ఎక్కుతారు. ఎవరికీ చెప్పక్కర్లేదు,' అనుకున్నాడు. బీడీ వెలిగించాడు. నాసరమ్మ తట్ట నింపుకుంటోంది. ఎవరో దగ్గితే ఉలిక్కిపడ్డాడు. గోడ మీంచి శనగగింజంత రాయి ఒకటి రాలింది. తర్వాత ఇంకొకటి.

బీడీ సగం కాలింది. గోడ లోపల ఎక్కడో 'టప్' మంది.

"పైకి! అందరూ పైకి!" అని అరిచాడు ఓబులేసు.

ఏడుగురు నిచ్చెన అందుకున్నారు. నాసరమ్మ అందరికంటే దూరంగా ఉంది. నెత్తిన తట్ట ఉంది. ఆమె తట్ట పడేసి నాలుగడుగులు వేసేసరికి గోడ విరుచుకుపడింది.

దుమ్ము అణగక ముందే గురవయ్య కిందికి దూకినట్టే వచ్చాడు. అతనొక గునపం, ఓబులేసొక గునపం పట్టారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రాళ్లు ఎత్తి నాసరమ్మను బయటికి లాగారు. ప్రాణం ఉంది. ఎడమ కాలు మాత్రం నుజ్జయింది. ఆసుపత్రిలో మోకాలి కింద తీసేశారు.

విచారణకు అధికారులు వస్తున్నారని తెలిసి యజమాని ఓబులేసును పిలిచాడు. "వానకి గోడ జారింది, ముందు ఎవరికీ తెలియదు అని చెప్పు. గురవయ్య ఏదన్నా అంటే, నీ మీద కక్షతో అంటున్నాడందాం. నీ పనికేం ఢోకా లేదు," అన్నాడు.

ఓబులేసు తలూపి వచ్చాడు. కానీ ఇంట్లో ముద్ద నోట్లో పెట్టలేకపోయాడు. లేచి, బడిలో తెలుగు చెప్పే పంతులుగారి దగ్గరికి వెళ్లాడు. అతనికి సంతకం తప్ప రాయడం రాదు.

"పంతులుగారూ, నేను చెప్పింది చెప్పినట్టు రాయండి. గోడ సంగతి గురవయ్య నాకు ముందే చెప్పాడు. గురవయ్య అంటే నాకు అసహ్యం. అందుకని వినలేదు."

పంతులుగారు రాస్తూ రాస్తూ ఆగారు. "ఓబులేసూ, అసహ్యం అంటే ఏమిటో తెలుసా?"

"చెడ్డవాణ్ణి చూస్తే పుట్టేది కదండీ?"

"కాదయ్యా. రోత, ఏవగింపు మన మాటలు. ఇది సంస్కృతం నుంచి వచ్చింది. సహ్యం అంటే ఓర్చుకోదగ్గది. ముందు 'అ' చేరితే ఓర్చుకోలేనిది. గురవయ్య మంచివాడో చెడ్డవాడో ఈ మాటలో ఎక్కడా లేదు. నీకు ఓపిక లేదని మాత్రమే ఉంది."

ఓబులేసు కాగితం వైపు చెయ్యి చూపాడు. "అయితే ఆ మాట కొట్టేయండి. గురవయ్యను నేను ఓర్చుకోలేకపోయాను అని రాయండి. ఇంకొకటి కూడా రాయండి. గుల్ల చప్పుడు నేనూ విన్నాను."

విచారణ ఆసుపత్రిలో నాసరమ్మ మంచం పక్కనే జరిగింది. అధికారి ఆ కాగితం పైకి చదివాడు. యజమాని మొహం మాడిపోయింది. గురవయ్య గోడకానుకుని విన్నాడు.

నాసరమ్మ మెల్లగా అడిగింది: "అన్నా, నువ్వు చప్పుడు వినడానికీ, కేక వెయ్యడానికీ మధ్య ఎంతసేపు?"

"సగం బీడీ కాలేంత సేపమ్మా."

"అంతసేపుంటే నేను నిచ్చెన ఎక్కేసేదాన్ని," అంది ఆమె. దుప్పటి పైకి లాక్కుని అటు తిరిగి పడుకుంది.

ఓబులేసు మేస్త్రీగిరీ పోయింది. ఆ గనిలోనే కూలీగా చేరాడు. ఆ రోజు నుంచీ గోడ గురించి ఎవరు ఏమన్నా, ఆ అన్నది ఎవరని అడగకుండా సుత్తి తీసుకుని వెళ్లి వినేవాడు.

నీతి: అసహ్యం ఎదుటివాడి తప్పుకు పేరు కాదు, మనం ఓర్చుకోలేకపోవడానికి పేరు; అది మన చెవులు మూసిందంటే, దెబ్బ ఏ పాపమూ ఎరగని వాళ్లకు తగులుతుంది.