కుందేలు మంచెకు లక్క పూత

మారేడుకోన అడవిలో ఒక వాగు ఉంది. దాని ఒడ్డున ఎలుగుబంటి, కొండముచ్చు, ముళ్ళపంది, నలుగురు పిల్లల తల్లి కుందేలు ఉండేవి. నలుగురని ఇప్పుడు అంటున్నాను గానీ, ముందటి వానాకాలం దాకా ఐదుగురు. బొరియలోకి వాగు నీళ్ళు వచ్చి, చిన్నదాన్ని తల్లి కళ్ళ ముందే లాక్కుపోయాయి. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అందుకే ఆ ఎండాకాలం జంతువులన్నీ కలిసి కుందేలుకు ఎత్తైన బండల మీద ఒక మంచె కట్టాయి. ఎలుగుబంటి దుంగలను వాగులో తేల్చి తెచ్చి, చీల్చి పలకలు చేసింది. ఇక పూత ఒక్కటే మిగిలింది. పూత లేని చెక్క ఎండకు పగులుతుంది, వానకు పుచ్చిపోతుంది.

ముళ్ళపందికి చెక్కల సంగతి బాగా తెలుసు. అది పలకల మీద నాలుగు నీటి చుక్కలు వేసి చూసింది. చుక్కలు ఎక్కడివక్కడే నిలిచాయి.

"చెక్క ఇంకా పచ్చిగానే ఉంది. నీటి చుక్కను తాగే దాకా ఎండనిద్దాం. అప్పుడే నూనెను కూడా తాగుతుంది," అంది.

ఎండాక ఎర్రటి జేగురు మన్ను కలిపిన జీడిపిక్కల నూనె పలచగా పట్టించాలట. చెక్క తాగగా మిగిలింది తుడిచెయ్యాలట. అది ఆరాక మళ్ళీ పట్టించాలట. అంతా కలిపి ఇరవై రోజుల పని.

కొండముచ్చుకు అంత ఓపిక ఎక్కడిది? కొమ్మ మీద రెండు నిమిషాలు కుదురుగా కూర్చోలేని జీవి. మోదుగ చెట్ల నుంచి లక్క తెచ్చి, కరిగించి, ఒక్క పూటలో మూడు పూతలు దట్టంగా వేసేసింది. వెనక మూలన రెండు పలకలకు మాత్రం లక్క చాలలేదు. వాటిని నీ నూనెకే వదిలేశానులే అని ముళ్ళపందిని చూసి నవ్వింది.

మంచె అద్దంలా మెరిసింది. చూడవచ్చినవాళ్ళంతా నోరెళ్ళబెట్టారు. మూలన కూర్చుని రోజూ చుక్కలు వేసి చూసుకుని, ఆ రెండు పలకలు ఎండాక వాటికే నూనె పట్టిస్తూ తుడుస్తూ ఉన్న ముళ్ళపందికి మతి పోయిందన్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం వాగు పొంగింది. కుందేలు పిల్లలతో మంచె ఎక్కింది. కాలు పెట్టగానే పలక మెత్తగా అణిగింది. వెంటనే కొండముచ్చును పిలిచింది.

"నా పూతకు ఏమీ కాదు కుందేలక్కా, చూడు," అంటూ కొండముచ్చు చెట్టు మీంచి మంచె మధ్యకు దూకింది.

మెరుస్తున్న పలక పుటుక్కున విరిగింది. లోపల చూస్తే చెక్కే లేదు, నల్లటి ముద్ద! లక్క కింద చిక్కుకున్న తడి బయటికి పోలేక, మూడు నెలలుగా చెక్కను లోపల్లోపలే తినేసింది. ఒకదాని వెంట ఒకటి లక్క వేసిన పలకలన్నీ కూలసాగాయి. కొండముచ్చు వాగులో పడింది. కుందేలు పిల్లలను వెనక మూలకు నెట్టి, తనూ అక్కడికే దూకింది.

ఆ రెండు పలకలూ కదల్లేదు. వాటికి మెరుపు లేదు. వట్టి ఎర్రమట్టి రంగు, దాని మీంచి జారిపోతున్న వాన చుక్కలు. కుందేలు పిల్లలను లెక్కపెట్టింది. నలుగురూ ఉన్నారు. నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టింది.

ఎలుగుబంటి కొండముచ్చు తోక పట్టుకుని దాన్ని ఒడ్డుకు లాగింది. ప్రాణం దక్కింది, తోక విరిగింది. కొండముచ్చు ఆ మూల వైపే చూస్తూ ఉండిపోయింది.

మరుసటి ఎండాకాలం కొత్త పలకలు వచ్చాయి. వంకర తోక కొండముచ్చు వాటి పక్కన కూర్చుని ఒక నీటి చుక్క వేసింది. పొద్దుగూకే దాకా కదలకుండా దాన్నే చూసింది.

"ఇంకా తాగట్లేదు మామా. రేపు మళ్ళీ చూస్తాను," అని ముళ్ళపందితో చెప్పి, నూనె గిన్నెకు మూత పెట్టింది.

నీతి: పైమెరుగు చూసి మురిసిపోకూడదు, లోపలి తడి ఆరే దాకా ఓపిక పట్టి చేసిన పనే ఆపదలో నిలబడుతుంది.