మర్జానమ్మ వాటా

అనగనగా ఒక రేవు. రేవు పక్కన గుడ్డల మీద అద్దకం వేసేవాళ్ళ పేట. ఆ పేటలో మర్జానమ్మ.

మర్జానమ్మ పుట్టింది ఇక్కడే. వాళ్ళమ్మమ్మని మాత్రం సముద్రం అవతలి హబ్షీ దేశం, అదే ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చి అమ్మేశారు. అమ్మినవాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తులేవు, పీడ పోయింది. మనవరాలికి అమ్మమ్మ ఇచ్చిన ఆస్తి మూడే మూడు జ్ఞాపకాలు: ఏనుగంత లావు చెట్టు, ఊరంతా వినబడే డోలు, తనని మోసుకొచ్చిన ఓడ.

అవి తనతోనే పోతాయేమోనని మర్జానమ్మ బెంగ. మూడు కొయ్య అచ్చులు చెక్కింది. గుడ్డ మీద అద్దింది. మడిచి కుట్టి పుస్తకం చేసింది.

అద్దకం పని చేయించే మేస్త్రి సుబ్బరాయుడు నవ్వాడు. "పేరు తెలీని ఊరికి పుస్తకమేమిటే?"

"పేరు తెలీకపోతే ఊరు లేదా? నీ ముత్తాత పేరు చెప్పు చూద్దాం!"

మేస్త్రి తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

పేట ఆడపిల్లలకి ఆమే పని నేర్పింది. కొత్త అచ్చుని ముందు పాతగుడ్డ మీద వేసి చూస్తారు. మసగ్గా పడుతుంది, పారేస్తారు. ఆమె పారేయనిస్తేగా!

"మొదటిది పారేయకండర్రా. మసకైనా మనదే. ఇంటికి పట్టుకుపోండి."

పిల్లలు ఆమె అచ్చులతో చెట్టు అద్దినా అదే మాట. డోలు అద్దినా అదే మాట. ఓడ అద్దినా అదే మాట.

ఒక ఏడు ఉప్పెన వచ్చింది. అచ్చులు పోయాయి. పుస్తకం పోయింది. మర్జానమ్మ మంచం పట్టింది.

"మా అమ్మమ్మని మళ్ళీ సముద్రమే ఎత్తుకుపోయింది" అంది.

కానీ ఉప్పెనలో జనం వదలనివి మూడు: చంటిబిడ్డ, గంజికుండ, సొంత తలకాయ.

పని నేర్చుకున్నవాళ్ళలో ముందు పైడమ్మ వచ్చింది. "మామ్మా, ఇది మా బిడ్డ పక్కగుడ్డ." దాని మీద చెట్టు.

నాగరత్నం వచ్చింది. "ఇది మా కుండ దించే మసిగుడ్డ." మసి కింద డోలు.

ఆఖర్న మేస్త్రి వచ్చాడు. తలగుడ్డ విప్పి పరిచాడు. ఓడ!

"మా అమ్మాయి తెచ్చింది. నవ్వితే నవ్వాను గానీ, పారెయ్యలేదమ్మా."

"ముత్తాత పేరు గుర్తొచ్చిందా?"

"లేదు."

"అయితే ఈ మూడు గుడ్డలూ మళ్ళీ పుస్తకంగా కుట్టించి, చివర నీకో ఖాళీ పేజీ పెట్టించు. మీవాళ్ళూ ఉండనీ."

అలాగే కుట్టారు. ఆ పుస్తకం గుండెల మీద పెట్టుకుని, అందరి చేతులూ ఒక్కొక్కటే ముట్టుకుని, మర్జానమ్మ చల్లగా కన్నుమూసింది. కొత్త అచ్చులు ఆ పిల్లలే చెక్కారు.

ఇప్పటికీ ఆ పేటలో కొత్త అచ్చు మొదటి గుడ్డని పారెయ్యరు. "మర్జానమ్మ వాటా" అని కళ్ళకద్దుకుని, పుట్టిన బిడ్డ కింద పరుస్తారు. అందుకే ఈ కథ కంచికి పోలేదు. ఉయ్యాల్లోనే ఉంది.