నూటొక్క పున్నాగపూలు

పూర్వం త్రేతాయుగారంభంలో, ధర్మైకనిరతుడైన దృఢకేతుడనే మహారాజు, సరైన వానల్లేక అలమటిస్తున్న ప్రజలకోసం మహాయజ్ఞం సంకల్పించి, ఇంటికొక ఇటుక చొప్పున పదిలక్షల ఇటుకలు సేకరించి, తన చేతులతో చేసిన ఇటుకనొకదాన్ని వాటిలో చేర్చి, గణితవిద్యాపారంగతుడైన తపోవర్చస మహర్షి పాదాలపై పడి, "స్వామీ! ఒక్క ఇటుకైనా మిగలకుండా, అన్ని వరుసలూ సమానంగా ఉండేట్టు వేదిక పేర్చే విధం సెలవీయండి" అని వేడుకున్నాడు.

ఆ మునిపుంగవుడు గులకరాళ్లు పరచుకుని, రెండు మొదలు నూరు వరకు ప్రతి సంఖ్యతోనూ పదిలక్షల ఒకటిని భాగించి, ఎప్పటికప్పుడు ఏదో కొంత శేషం మిగలడంతో విసిగి, "రాజా! ఇది అవిభాజ్యం. ఏ సంఖ్యకూ లొంగదు. యజ్ఞం మానుకో" అని తేల్చేశాడు.

పక్కనే రాళ్లందిస్తున్న ఆయన ధర్మపత్ని శుచివ్రత, "నాథా, ఇంకొక్కటి చూడరాదా?" అన్నది మెల్లగా.

మునులకు కోపం ముక్కుమీదే కదా! అందులోనూ రాజు ఎదుట. "నా లెక్కనే శంకిస్తావా? ఈ సంఖ్య నిశ్శేషంగా భాగింపబడేదాకా నీ నోట మాట రాకుండుగాక!" అని శపించాడు.

అది ఎన్నటికీ భాగింపబడదని తేల్చింది తానేనని మరుక్షణమే గుర్తొచ్చి కుప్పకూలిపోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం. దృఢకేతుడు తలవంచుకుని వెళ్లిపోయాడు. ఇటుకలకు నాచు పట్టింది. మహర్షి పశ్చాత్తాపంతో కుమిలిపోతూ, కళ్లు మూసుకుని వాగ్దేవిని గూర్చి ఏళ్లతరబడి తపస్సు చేశాడు. మళ్లీ రాళ్లు ముట్టలేదు. శుచివ్రత మాత్రం ప్రతి ఉదయం పున్నాగపూలు ఏరి తెచ్చి, ఆయన ముందు వరుసగా పేర్చి వెళ్లేది.

తుదకు శ్వేతపద్మాసన అయిన భారతీదేవి ప్రత్యక్షమై, "నాయనా, శాపం తొలగించమని ఇన్నేళ్లు ఏడ్చావే, నీ ఇల్లాలు రోజూ తెచ్చే పూలెన్నో ఏనాడైనా చూశావా?" అన్నది.

మహర్షి కళ్లు తెరిచి లెక్కించాడు. నూటొక్కటి! మళ్లీ రాళ్లు పరిచాడు. నూటొక్క వరుసలు, వరుసకు తొమ్మిదివేల తొమ్మిదివందల ఒకటి. ఒక్క రాయీ మిగల్లేదు.

తల నెరసిన శుచివ్రత గొంతు పెగిలింది. "రాళ్లందిస్తూ నేనూ లెక్క కట్టాను, నాథా. చెప్పేలోపే శపించారు."

ఆయన వెక్కివెక్కి ఏడ్చాడు. "తల్లీ, ఈమె పోగొట్టుకున్న ఏళ్లు తిరిగి ఇప్పించు" అని ప్రార్థించాడు.

"గడచిన కాలం నా చేతిలో లేదు. మరొకటి కోరుకో."

"అయితే, తుదిమాట పలికేముందు పక్కవారి మాట వినే బుద్ధి ప్రసాదించు."

"తథాస్తు!" అన్నది దేవి.

ముదుసలి దృఢకేతుని యజ్ఞం పూర్తయింది, వానలు కురిశాయి, చెరువులు నిండాయి. ఈ కథ విన్నవారికి విద్యాగర్వం నశిస్తుందని పెద్దలంటారు. తపోవర్చసుడు మాత్రం ఆపైన బతికినన్నాళ్లూ, ఉదయాన ఆమె తెచ్చిన పూలు లెక్కపెట్టాకే జపానికి కళ్లు మూసుకునేవాడు.