బానెట్ మూసే చెయ్యి

"ఉస్తాద్, నేను బానెట్ మూసేది ఎప్పుడు?"

మద్దిలేటి ఈ మాట అడగడం మొదటిసారి కాదు. నంద్యాలలో మహబూబ్ పీరా ఉస్తాద్ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. బండి ఎవరు బాగుచేసినా చివర్లో బానెట్ మూసేది ఉస్తాదే. మూసి, దాని మీద అరచెయ్యి ఆనించి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటాడు. దూరంగా ఎవరో పాడుతుంటే వింటున్నట్టు ఉంటుంది అప్పుడాయన ముఖం. ఆ క్షణం తనకూ రావాలని మద్దిలేటి పెళ్ళి కూడా వాయిదా వేసుకున్నాడు. బానెట్ మూసినవాడే ఉస్తాద్. అంతదాకా ఎంత పనొచ్చినా చేతికింది మనిషే.

పీరా టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఈ పొద్దే మూయి. సుంకన్న బండి."

మద్దిలేటి పానా అందుకున్నాడు.

సుంకన్న టాక్సీ నడుపుతాడు. భార్య పుట్టింట్లో బిడ్డను కన్నది. నల్లమల ఘాటు దాటి గిద్దలూరు పోయి, తల్లినీ బిడ్డనూ ఇంటికి తెచ్చుకోవాలి. అద్దానికి కనకాంబరాల దండ కట్టాడు. వెనక సీట్లో పిడికిలంత ఊలు టోపీ. ఇంతలో ఇంజన్ వేడెక్కుతోందని షెడ్డుకొచ్చాడు. చూస్తే థర్మోస్టాట్ హౌసింగ్ కారుతోంది. వేడి నీళ్ళకు రేడియేటర్ దారి తెరిచే థర్మోస్టాట్‌ను కప్పి ఉంచే ప్లాస్టిక్ గిన్నె అది.

"తొందరగా కానీ సామీ, పొద్దుండగానే ఘాటు దిగాల," అని సుంకన్న ఎదురుగా టీ బంకు బెంచీ మీద కూర్చున్నాడు.

మద్దిలేటి పాతది విప్పాడు. అడుగున మురికి గీకి, నున్నగా తుడిచాడు. కొత్త థర్మోస్టాట్, కొత్త రబ్బరు రింగు, పైన కొత్త హౌసింగ్. బోల్టులు బిగించాడు. ఇంక చాలని చెయ్యి చెప్పింది. కానీ ఇది తన పేరు మీద పోయే మొదటి బండి కదా! ఇంకొంచెం బిగించాడు.

టిక్.

చీమ చిటికేసినంత చప్పుడు. బోల్టు పక్కన వెంట్రుకంత గీత.

షెడ్డులో ఇంకో హౌసింగ్ లేదు. కర్నూలు నుంచి రావాలి, అదీ రేపు. మద్దిలేటి అటూ ఇటూ చూశాడు. బొటనవేలితో ఆ గీత మీద నల్ల పేస్టు రాశాడు. గీత మాయమైంది. కూలెంట్ పోసి, మూత బిగించి, గట్టిగా అరిచాడు.

"అయిపాయె ఉస్తాద్!"

పీరా వచ్చాడు. హౌసింగ్ చూడలేదు. పేస్టు అంటిన మద్దిలేటి బొటనవేలు చూశాడు.

"స్టార్ట్ చెయ్యి."

ఇంజన్ అందుకుంది. పీరా నింపాదిగా వంగి, తన ముఖాన్ని హౌసింగ్ పక్కనే పెట్టాడు.

వేడి ఇంజన్ ముందు మొహం పెట్టొద్దన్నది ఆ షెడ్డులో మొదటి పాఠం. నేర్పింది ఈయనే.

"లెయ్యండి ఉస్తాద్."

"ఎందుకురా? బాగనే బిగించినావు గదా."

"బిగించినా... అయినా లెయ్యండి."

"సుంకన్న బిడ్డకు ఏం పేరు పెడతాడంట?"

ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి పాకుతోంది. పీరా నెరిసిన గడ్డం ఆ గీతకు బెత్తెడు దూరంలో ఉంది. కళ్ళు మూసుకున్నాడు. అదే ముఖం, పాట వింటున్న ముఖం.

మద్దిలేటి ఉస్తాద్ కాలర్ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. గుండీ తెగి ఎగిరిపడింది. ఇద్దరూ నేల మీద పడ్డారు.

సుంకన్న బెంచీ మీంచి లేచి పరిగెత్తుకొచ్చాడు. "ఏంరా! ఉస్తాద్ కాలరే పట్టుకుంటివా!"

ఆ మాట పూర్తి కాకముందే బుస్సుమంది. సన్నని తెల్లటి ధార, ఉస్తాద్ కళ్ళున్న చోటు మీదుగా దూసుకుపోయి బానెట్ లోపలి రేకును కొట్టింది.

మద్దిలేటి పాకుతూ పోయి తాళం తిప్పేశాడు.

పీరా లేచి చొక్కా దులుపుకున్నాడు.

"ఈడ నా మొహం ఉండె గనక గుంజినావు."

అంతే అన్నాడు. మద్దిలేటి వెనక సీటు వైపు చూశాడు. ఊలు టోపీ అక్కడే ఉంది. తర్వాత పోయి సుంకన్న ఎదుట నిలబడ్డాడు.

"అన్నా, ఈ బండి ఈ పొద్దు పోదు. నేనే పగలగొట్టినా. పగిలింది దాచినా."

పీరా తన జీపు తాళం సుంకన్న చేతిలో పెట్టాడు. నేల మీద గుండీ వెతుక్కుంటూ, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"చల్లారినాక బానెట్ మూయి, మద్దిలేటీ. నువ్వే."