గోడ కనబడని నీళ్ళు

హైమకి తను చేసింది తప్పో కాదో తేలలేదు. తప్పని ఎవరైనా అని ఉంటే ఏడ్చేసి ఊరుకునేది. ఎవరూ అనలేదు. అదే ఆమెకి మింగుడుపడలేదు.

ఆమెది భీమిలి. అండమాన్లో ఒక చిన్న దీవికి వచ్చి దాలినాయుడు మాస్టారి దగ్గర డైవింగ్ నేర్చుకుంది. మాస్టారి పెద్దలు ఏనాడో శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చి ఆ దీవిలో స్థిరపడ్డవాళ్ళు. ఆయన వయసులో ఉండగా రేవులో ఓడల అడుగున పని చేశాడు. తరువాత, వీపుకి గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దిగడం నేర్పే చిన్న బడి పెట్టుకున్నాడు. మాట తక్కువ మనిషి. నీళ్ళ కింద మాట్లాడ్డానికి లేదు గనక పైనా ఆ అలవాటే పట్టుకుందని ఆయన భార్య నవ్వేది.

ఆ దీవికి దూరంగా, గాలికీ అలకీ ఏ అడ్డూ లేని చోట, ఒక పగడపు దిబ్బ ఉంది. బయటి దిబ్బ అంటారు. ఒడ్డు దగ్గరి దిబ్బల మీద నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి, చేప కదిలితే తెలుస్తుంది. ఇది అలాంటిది కాదు. దీనికి అవతల నేల లేదు, అంతా సముద్రమే. పైన అలలు విరిగి ఎప్పుడూ నురగ లేస్తూ ఉంటుంది. కిందికి దిగితే దిబ్బ అంచు గోడలా నిలువునా లోతులోకి పోతుంది. ఆ గోడంతా విసనకర్రల్లాంటి పగడాలు. వాటి సందుల్లో చేపలు గుంపులు గుంపులుగా మెరుస్తుంటాయి.

గోడని ఎడమ చేతివైపు ఉంచుకుని వెళ్ళాలి, కుడి చేతివైపు ఉంచుకుని తిరిగి రావాలి. అక్కడ మాస్టారు నేర్పే పాఠం అంతే. నడుమ ఒకచోట గోడ తెగి ఉంటుంది. ఆ సందులోంచి నీళ్ళు ఏరులా బయటి సముద్రంలోకి తోసుకుపోతుంటాయి. దాన్ని దాటితే మళ్ళీ గోడ తగులుతుంది.

హైమ ఆ దారిన చాలాసార్లు మాస్టారి వెనక వెళ్ళింది. శిష్యుల్లో ఆమెకే నీళ్ళు బాగా లొంగాయని అందరూ అనేవారు. ఆమె కూడా అలాగే అనుకునేది. ఆ వేసవిలో మాస్టారు ఆమెని ముందు నడవమన్నాడు. అంటే ఇక కొత్తవాళ్ళని తనే తీసుకెళ్ళాలి.

అలా తీసుకెళ్ళినవాళ్ళలో తణుకు నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు ఉమాపతి గారు ఒకరు. అంతకుముందు వేరే చోట్ల దిగిన అనుభవం ఉంది గాని, ఇలాంటి దిబ్బ ఆయనకి కొత్త. హైమ ముందు, ఆయన వెనక. సందు దాకా అంతా బాగానే జరిగింది. సందు దాటడానికి హైమ ఈదింది. ఇంకా ఈదింది. గోడ రాలేదు.

నీళ్ళు తమని ఎంత పక్కకి తోసేశాయో ఆమెకి అంతు చిక్కలేదు. చేతికి దిక్సూచి ఉంది. అది ఉత్తరం ఎటో చెప్తుంది గాని, మనిషి ఎక్కడున్నాడో చెప్పదు. ఎటు చూసినా ఒకటే నీలం. వెనక్కి తిరిగి చూస్తే డాక్టరు గారు బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నాలా చూపించారు. అంతా బాగుందని దానర్థం. హైమ కూడా అదే చూపించింది. వెళ్ళవలసిన దారి ఇదే అన్నట్టు ముందుకి ఈదుతూ పోయింది.

చివరికి పైకి తేలేసరికి దిబ్బ మీది నురగ ఎక్కడో తెల్లటి గీతలా ఉంది. పడవ చుక్కంత ఉంది. పడవ నడిపే సా జాన్, ఏనాడో బర్మా నుంచి వచ్చి దీవుల్లో స్థిరపడ్డ కరెన్ జాతి మనిషి, కంటి చూపు గట్టిది కాబట్టి వాళ్ళని కనిపెట్టి వచ్చి ఎక్కించుకున్నాడు.

పడవలో డాక్టరు గారు ముఖం తుడుచుకుంటూ, గోడ కన్నా చివర్లో ఆ శూన్యంలోకి తీసుకెళ్ళారే, అది అద్భుతమండీ అన్నారు. జన్మలో మరిచిపోనన్నారు. హైమ నవ్వింది. ఎందుకు నవ్విందో ఆమెకే తెలియలేదు.

ఆ సాయంత్రం ఆమె మాస్టారి దగ్గర కూర్చుని జరిగిందంతా దాచకుండా చెప్పింది. సందు దగ్గర లోపలికి కోణం సరిపోలేదా, నీటి పోటు అంచనా తప్పిందా, అసలు సందుని ముందే దాటేశామా, ఎక్కడ పొరపాటు జరిగిందో చెప్పమంది.

మాస్టారు ఈతకి కాళ్ళకి తొడుక్కునే రబ్బరు రెక్కలు ఉప్పు పోయేలా కడుగుతున్నాడు. అన్నీ విని, "డాక్టరు గారేమన్నారు?" అని అడిగాడు.

"అద్భుతంగా ఉందన్నారు."

"మరింకేం," అని ఆయన రెక్కలు ఆరబెట్టడానికి వెళ్ళిపోయాడు.

అది ఎత్తిపొడుపా? క్షమించడమా? నిజంగానే ఏం లేదనా? మర్నాటి నుంచి మాస్టారు ఆమెని ముందు నడవమనలేదు, వద్దనీ అనలేదు. సిలిండర్లలో గాలి నింపే పని ఉంటే చెప్పేవాడు. ఇది శిక్షేనా అని ఆమె ఒకసారి అడిగేసింది. గాలి లేకపోతే ఎవరు దిగుతారమ్మా అన్నాడాయన. అందులో కోపం వెతికితే దొరకలేదు. వెటకారమూ దొరకలేదు. సా జాన్‌ని అడిగితే, సముద్రం మనిషిని తోస్తుంది, దానికెందుకు ఇంత ఆలోచన అని హిందీలో విసుక్కున్నాడు. రాత్రిళ్ళు పడుకుని కళ్ళు మూస్తే ఎటు చూసినా అదే నీలం. ఏది కుడో ఏది ఎడమో మంచం మీద కూడా తెలిసేది కాదు. ఈ పని మానేసి ఇంటికి వెళ్ళిపోదామనుకుంది. అయితే ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో కూడా తోచలేదు.

ఒక పొద్దున మాస్టారు తన సామాను సంచి పడవలో పెట్టి, "హైమా, ఇవాళ నన్ను తీసుకెళ్ళమ్మా," అన్నాడు.

పడవలో ఆయన ఎప్పుడూ కూర్చునే ముందు భాగంలో కూర్చోలేదు. కొత్తవాళ్ళు కూర్చునే బల్ల మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దారిలో, అక్కడ సొరచేపలుంటాయా అని అడిగాడు. లోతు ఎంతుంటుందన్నాడు. చెవులు నొప్పి పెడితే ఏం చేయాలన్నాడు. హైమ ముఖం ఎర్రబడింది. తనని ఆట పట్టిస్తున్నాడనుకుంది. కాని ఆయన నవ్వడం లేదు. ఆమె చెప్పిన ప్రతి జవాబుకీ బుద్ధిగా తలాడించాడు. బిగించమని సిలిండరు పటకా ఆమెకే అందించాడు. ఆమె బిగించేదాకా కదలకుండా కూర్చున్నాడు.

సముద్రం ఆ రోజు అంత బాగాలేదు. దిబ్బ మీద అల పెద్దగా విరుగుతోంది. నీళ్ళలో ఏదో పాలపొడి కలిపినట్టు మసకగా ఉంది. ఇలాంటి రోజున దిగుదామా అని హైమ అడిగింది. మీ ఇష్టమండీ అన్నాడు మాస్టారు. తనని ఆయన మీరు అనడం అదే మొదటిసారి. ఇద్దరూ వెనక్కి ఒరిగి నీళ్ళలో పడ్డారు.

గోడ దొరికింది. దాన్ని ఎడమ చేతివైపు ఉంచుకుని హైమ ముందు సాగింది. మాస్టారు కొత్తవాడిలాగే ఆమె రెక్కల వెనక, కొంచెం కిందుగా వస్తున్నాడు. ఆయన ఊపిరి బుడగలు ఆమె పొట్ట పక్కనుంచి పైకి పోతున్నాయి. అది చూస్తే ఆమెకి కాస్త ధైర్యం వచ్చింది. ఎంతైనా వెనక ఉన్నది మాస్టారు కదా.

సందు వచ్చింది. ఈసారి ఆమె ముందే లోపలివైపు కోణం పెట్టి ఈదింది. కాళ్ళు నొప్పి పుట్టేదాకా ఈదింది. పగడపు కొమ్మ ఒక్కటైనా కనబడుతుందేమోనని చూసింది. మసక తప్ప ఏమీ లేదు. గోడ రాలేదు.

ఆమె మాస్టారి వైపు తిరిగింది. అద్దం వెనక ఆయన కళ్ళు ప్రశాంతంగా ఉన్నాయి. ఎటు అన్నట్టు ఆమె చేతులు చూపింది. ఆయన వేళ్ళు సున్నాలా కలిపాడు. అంతా బాగుంది.

ఆమెకి ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళు ఈ నీళ్ళలో తిరిగిన మనిషికి గోడ ఎటుందో తెలియదా? తెలిసీ చెప్పడం లేదంటే ఇది పరీక్షే. పరీక్షయితే జవాబు ఉండే ఉంటుంది. సరే చూద్దాం అనుకుని ఆమె కుడివైపు తిరిగి గట్టిగా ఈదింది. ఆయన కుడివైపు తిరిగాడు. కాసేపయ్యాక ఇది కాదనిపించి ఎడమవైపు మళ్ళింది. ఆయన ఎడమవైపు మళ్ళాడు. ఆమె ఆగి దిక్సూచి చూస్తే ఆయనా ఆగాడు. కదిలితే కదిలాడు.

చెవుల్లో ఏదో నొక్కినట్టయింది. మణికట్టు మీది లోతు మీటరు చూసుకుంది. తను సమంగా ఈదుతున్నాననుకుంటోంది గాని, నీళ్ళు ఇద్దర్నీ కిందికి లాగుతున్నాయి. వెలుతురు పలచబడింది. తల తిప్పి చూసింది. మాస్టారు ఆమె కన్నా ఇంకా కిందుగా ఉన్నాడు. కింద ఆయన కాళ్ళ దగ్గర నీలం నల్లగా మారుతోంది. అయినా ఆయన తల ఎత్తి ఆమెనే చూస్తున్నాడు. పైకి రావడానికి చేయి కదపడం లేదు.

ఆమె కళ్ళలోకి చూడగానే ఆయన మళ్ళీ వేళ్ళు సున్నాలా కలిపాడు.

అప్పుడు హైమ భయపడింది. దారి తప్పినందుకు కాదు. దారి తప్పడం పాత సంగతే. డాక్టరు గారూ నమ్మకంగా ఇలాగే కలిపిన ఆ వేళ్ళని చూసి భయపడింది.

ఆమె ఈదడం ఆపేసింది. గబగబా కిందికి వెళ్ళి ఆయన భుజం దగ్గర పటకా గట్టిగా పట్టుకుంది. ఆయన ముఖానికి ఎదురుగా అరచెయ్యి బల్లపరుపుగా చాపి అటూ ఇటూ ఊపింది. ఏదో తేడాగా ఉందని చెప్పే సైగ అది. తరువాత చేతులు విడదీసి భుజాలెగరేసింది. నాకు తెలియడం లేదు.

ఆ సైగ చేయడం ఆమె ఎరిగి అదే మొదలు.

మాస్టారు తలాడించాడు. తొందర లేకుండా తలాడించాడు. ఇక లేద్దామని ఆమె బొటనవేలు పైకి చూపించింది. ఆయనా పైకి చూపించాడు. కిందికి లాగే నీటిని తోసుకుంటూ, ఒకరి పటకా ఒకరు వదలకుండా, నెమ్మదిగా పైకి లేచారు. లోతు నుంచి ఒక్కసారిగా తేలితే ఒంటికి ప్రమాదం గనక, ఆగవలసిన చోట ఆగారు. హైమ పడవకి ఆనవాలుగా నారింజ రంగు గొట్టంలో గాలి ఊది తాడు కట్టి పైకి వదిలింది. వేళ్ళు మొద్దుబారి ఆ ముడి ఎలా వేసిందో తరువాత ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

పైన అలలు ఎత్తెత్తి వేస్తున్నాయి. పడవ కనబడలేదు. దిబ్బ కూడా కనబడలేదు. ఒక అల మీదికి లేచినప్పుడు నురగలాంటిది ఏదో అగుపించి, అల దిగగానే పోయింది. ఇద్దరూ చేతులు పట్టుకుని గొట్టాన్ని నిలబెట్టి తేలుతున్నారు. చాలాసేపు ఎవరూ రాలేదు. హైమ ఏడ్చిందో, ముఖం మీద ఉన్నది సముద్రపు నీళ్ళేనో తెలియదు.

ఆ గొట్టాన్ని చూసి సా జాన్ వచ్చాడు. ఇంత మసకలో అంత దూరం ఎందుకు పోయారని ఇద్దర్నీ చెడామడా తిట్టాడు. అతను తిడుతుంటే హైమకి ప్రాణం లేచొచ్చినట్టయింది.

పడవ ఒడ్డువైపు తిరిగింది. మాస్టారు తల తుడుచుకుని, కొత్తవాళ్ళు కూర్చునే బల్ల మీదే కూర్చున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఆయన ముసలివాడన్న సంగతి హైమకి ఆ రోజే కనబడింది.

"గోడ ఎటుందో మీకు తెలుసు కదా మాస్టారూ?" అని అడిగింది.

ఆయన చెవిలో నీళ్ళు దులుపుకున్నాడు.

"చూళ్ళేదమ్మా. నిన్నే చూస్తున్నాను."

అది నిజమో కాదో ఆమెకి తెలియలేదు. ఆ తరువాత కూడా ఎప్పటికీ తెలియలేదు. ఇంజను చప్పుడులో కొంత దూరం పోయారు. అడగకుండా ఉందామనుకుంది గాని ఉండలేకపోయింది.

"నేను ఆగకపోయుంటే?"

మాస్టారు తడి తువ్వాలు పిండి భుజం మీద వేసుకున్నాడు. పిల్లలకి ధైర్యం చెప్పేటప్పటి గొంతుతో అన్నాడు.

"నీ వెనకే వచ్చేవాణ్ణి."

హైమ కాసేపటికి లేచి, ఊగుతున్న పడవలో నిలదొక్కుకుంటూ వెళ్ళి, ఆయన ముఖం కనబడేలా ఎదురుగా కూర్చుంది.