నూనె వడకట్టే పెంచలయ్య

ఎప్పటి మాటో చెప్పలేం, మా తాతల తాతలు కూడా విన్నదే. కొండల వెనక ఒక అభ్రకం గని ఉండేదట. గని పైన ఒక గాలిమిషను. అది గాలిని బిగించి గొట్టాల్లోంచి కిందికి పంపేది. ఆ గాలితోనే కింద రాయి తొలిచేవాళ్ళు. ఆ గాలితోనే ఊటనీళ్ళు పైకి తోడేవాళ్ళు.

ఆ మిషనుకు నూనె పోసేవాడు పెంచలయ్య. అక్కడ ఎటు చూసినా అభ్రకం పొడే. జుట్టులో మెరుపు, అన్నంలో మెరుపు, నూనెలో మెరుపు. నూనెలో పడితే మిషనుకు చేటు. అందుకని పెంచలయ్య మిషను ఆపేవాడు. నూనెను పాత చీరగుడ్డలో వడకట్టేవాడు. అరచేతిలో కాస్త పోసుకుని ఎండకు పట్టి చూసేవాడు. మెరిస్తే మళ్ళీ వడకట్టేవాడు. ఇంకా మెరిస్తే, మళ్ళీ.

అంతసేపూ కింద పని ఆగిపోయేది. "పెంచలయ్య నూనె చూసుకుంటున్నాడు" అని జనం కూర్చుని ఆకూవక్కా వేసుకునేవాళ్ళు.

వానలు ముంచుకొస్తున్న రోజుల్లో కింద పెద్ద పొర తగిలింది. పలకలు పలకలుగా, అద్దంలాంటి అభ్రకం. మేస్త్రి మాలకొండయ్యకు కాలు నిలవలేదు. వాడు పెంచలయ్య పెళ్ళాం రవణమ్మకు తమ్ముడే.

మొదటి రోజు కిందినించి అరిచాడు. "బావా, తొందరగా కానీ!"

"అయిపోతుందిరా," అన్నాడు పెంచలయ్య. వడకట్టాడు.

రెండో రోజూ అరిచాడు. "బావా, వానొస్తే అంతా మునుగుతుంది. తొందరగా కానీ!"

"ఇంకొక్కసారిరా," అన్నాడు పెంచలయ్య. వడకట్టాడు.

మూడో రోజు జనాన్ని వెంటేసుకుని పైకే ఎక్కొచ్చాడు. "నీ గుడ్డ కోసం ఇంతమందిమీ కూర్చోవాలా బావా? మా అక్క నీతో ఎలా వేగుతోందో!"

అందరూ నవ్వారు.

పెంచలయ్య మొహం చిన్నబోయింది. అరచేతిలో నూనె చూశాడు. మెరుస్తోంది. చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. అలాగే పోసేశాడు. జనం దిగి పనిలో పడ్డారు.

మధ్యాహ్నానికి మిషను లోపల గీరుకుంది. కీచుమంది, పొగ కక్కింది, బిగుసుకుపోయింది. గాలి ఆగింది. నీళ్ళు తోడటం ఆగింది. కొండ మీద అప్పటికే వాన పడుతోంది, గనిలో ఊట పొంగుతోంది.

కింద జనం మాత్రం ఎప్పట్లాగే కూర్చున్నారు. "పెంచలయ్య నూనె చూసుకుంటున్నాడు" అనుకున్నారు.

పెంచలయ్య నిచ్చెన దిగాడు. "లేవండి! నూనె కాదు, నీళ్ళు!" మొదటి సొరంగం వాళ్ళను ఎక్కించాడు. రెండో సొరంగం వాళ్ళను ఎక్కించాడు. మూడో సొరంగంలో మాలకొండయ్య ఒక్కడే ఉన్నాడు. నిచ్చెన దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ నీళ్ళు ఛాతీదాకా వచ్చాయి.

"మిషనుకేమైంది బావా?"

"మెరుస్తుంటే చూసి కూడా పోశాన్రా. ఎక్కు."

"ముందు నువ్వెక్కు."

"తొందరగా ఎక్కరా!" అని పెంచలయ్య భుజం ఆనించి పైకి తోశాడు.

మాలకొండయ్య నాలుగు మెట్లెక్కి వెనక్కి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి పట్టుకోడానికి కింద ఎవరూ లేరు.

రవణమ్మ తమ్ముణ్ణి ఒక్క మాటా అనలేదు. మొగుడు నూనె వడకట్టిన గుడ్డ ఉతికి, ఆరబెట్టి, తెచ్చి వాడి చేతిలో పెట్టింది. తిట్టినా బాగుండేదని వాడు బతికినన్నాళ్ళూ అనేవాడట. మేస్త్రి పని వదిలేసి చచ్చేదాకా నూనె వడకట్టాడు.

ఆ గని ఎప్పుడో పూడిపోయింది. కానీ ఆ కొండల చుట్టుపక్కల ఏ గాలిమిషనుకు నూనె పోస్తున్నా పనివాళ్ళు కూర్చోరు. లేచి నిలబడతారు. ఎవరూ మాట్లాడరు. కొత్తవాడెవడైనా "ఇంకెంతసేపు?" అంటే, పక్కనున్న పెద్దాయన మెల్లగా చెబుతాడు.

"పెంచలయ్యను ఒకసారి తొందరపెట్టాంలే, నాయనా."