నీళ్ళు చూపించే కెమెరా

“పదిహేనో తారీఖుకల్లా మీ చివరి పొలం దాకా నీళ్ళు పారిస్తాం. రాసిపెట్టుకోండి.”

కాలువల ఇంజినీరు ఆ మాట అన్నాడో లేదో, చురుకుపల్లి తిరుపాలు ఇంటికి పరుగెత్తి కొట్టం గోడ మీద సున్నంతో రాసేశాడు. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు: తిరుపాలు, అతని మామ గురవయ్య, అత్త అంకమ్మ. మనుషులు ముగ్గురే అయినా, తెలివి మాత్రం ఊరంతా పంచిపెట్టగా ఇంకా గాదెడు మిగులుతుందని వాళ్ళ ధీమా. అందులోనూ తిరుపాలు గ్రంథాలయంలో పుస్తకాలన్నీ నమిలినవాడు. అన్నానికి పిలిచినా పిడికిలెత్తి నినాదం చెయ్యందే పీట మీద కూర్చోడు.

పదిహేనో తారీఖు వచ్చింది, పోయింది. నీళ్ళు రాలేదు. తిరుపాలు తన చేత్తో నారు పోసి నాటిన అరెకరం మిరపతోట తల వాల్చేసింది. ఆ ఇంటికి ఏడాది తిండి అదే.

“నేనెప్పుడన్నాను? రాసిందేదీ, చూపించు,” అన్నాడు ఇంజినీరు.

ఇంకేముంది, గోడ పగలగొట్టి బండికెత్తారు. ఆఫీసు చేరేసరికి గోడ కాస్తా మట్టికుప్ప అయింది.

“మట్టి నాకెందుకయ్యా? కాలువ ఎలా ఉందో వీడియో తీసి పంపండి, చూస్తాను.”

“సాక్ష్యమే మన ఆయుధం!” అని గర్జించాడు తిరుపాలు. అంతే, రెండు మేకపోతుల్ని అమ్మేసి ముగ్గురూ పట్నం బస్సెక్కారు.

కొట్టాయన రెండు వీడియో కెమెరాలు బల్ల మీద పెట్టాడు. “రెండూ హెచ్‌డీవే బాబూ. గడ్డిపోచలు కూడా విడివిడిగా కనబడతాయి.”

అంకమ్మ కుండ కొనేటప్పటిలాగే రెంటినీ వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుంది. “మోగట్లేదు. సరిగ్గా కాల్చినట్టు లేరు,” అని పెదవి విరిచింది.

గురవయ్య మొదటి దాని తెరలోకి చూశాడు. ఎదుటి వీధి, దుమ్ము, అరటిపళ్ళ బండి. “ఎంత?”

“పద్దెనిమిది వేలు.”

“ఆ వీధి ఇక్కణ్ణుంచి ఊరికే కనబడుతోందిగా! ఊరికే కనబడేదానికి పద్దెనిమిది వేలా?”

రెండోదాని తెర మీద, కొనేవాళ్ళకు నమూనాగా పెట్టిన బొమ్మ ఆడుతోంది. కొండ మీంచి జలపాతం నురగలు కక్కుతూ దూకుతోంది. తిరుపాలు గుండె ఝల్లుమంది. “మామా, ఇందులో నీళ్ళున్నాయి!”

“ఎంత?”

“పన్నెండు వేలు.”

“విన్నావా అల్లుడూ! దుమ్ము చూపించేదానికి పద్దెనిమిది, నీళ్ళు చూపించేదానికి పన్నెండు. బుద్ధున్నవాడెవడైనా మొదటిది కొంటాడా?”

అంతే, బేరం కుదిరింది.

మర్నాడు పొలం పక్క పంటకాలువ గట్టెక్కి తిరుపాలు కెమెరా తెరిచాడు. తెరలో నెర్రెలిచ్చిన నేల, ఒక చచ్చిన ఎండ్రకాయ. చుక్క నీరు లేదు.

“బస్సులో తలకిందులుగా పట్టుకున్నావు మామా! ఒలికిపోయాయి!”

“అదా! నా పంచె తడిసిందేమిటా అనుకున్నా.”

“ఏడ్చావు. అది నువ్వు ఒలకబోసుకున్న సోడా,” అంది అంకమ్మ.

“పోనీ, ఎండిన కాలువనే తీద్దాం. చూపించాల్సింది అదేగా,” అన్నాడు తిరుపాలు. పుట్టి బుద్ధెరిగాక అతని నోట వచ్చిన తెలివైన మాట అదొక్కటే. అంకమ్మ దాన్ని నిలవనివ్వలేదు.

“ఈ అవతారంతోనా? ఫొటో అంటే మొహం కడుక్కుని, ఉన్నంతలో మంచి బట్ట కట్టుకోవాలి. పెద్దాఫీసరు చూసే కాలువని ఇలా పంపితే ఊరి పరువేం కాను?”

తిరుపాలుకి కళ్ళు చెమర్చాయి. “నిజమే అత్తా. కాలువకూ ఆత్మగౌరవం ఉంటుంది!”

ఇంకేముంది, కాలువకు మంచి బట్టంటే నీళ్ళేగా! అటూ ఇటూ అడ్డుకట్టలు వేశారు. మిరపకోసం బావి అడుగున దాచుకున్న నీళ్ళు తోడి, రెండు రోజులపాటు మూడొందల బిందెలు పోశారు. ఆఖరి బిందెలు పోస్తుండగా గట్టులో ఒక బొక్క గుండా నీళ్ళు మెల్లగా తోటలోకి దిగాయి. వాలిన మిరపమొక్క ఒకటి తలెత్తింది.

“వెన్నుపోటు! వీడియోలో పడకుండా పారిపోతున్నాయి మామా, పట్టుకో!” అని అరిచాడు తిరుపాలు. గురవయ్య ఉరికి, బొక్కలో బురద కుక్కి, పైన తానే కూర్చున్నాడు.

అప్పుడు తీశారు వీడియో. ఎంత బాగా వచ్చిందంటే, అలలు ఒక్కొక్కటే లెక్కపెట్టొచ్చు. పక్కనే అంకమ్మ పట్టుచీర కట్టుకుని నిలబడింది.

వీడియో పంపిన నాలుగో రోజున ఇంజినీరు ఆఫీసు నుంచి జవాబొచ్చింది. ‘వీడియోలో కాలువ నిండుగా ఉంది. మీ ఫిర్యాదు పరిష్కారమైనట్టు భావించి మూసివేశాం.’

“దోపిడీ! మన బిందెల నీళ్ళు సర్కారు నీళ్ళని రాసుకున్నారు!” తిరుపాలు ఒళ్ళు మండిపోయింది.

గురవయ్య తోట వైపు చూశాడు. తలెత్తిన మొక్క కూడా మళ్ళీ వాలింది. మెల్లగా బిందె అందుకున్నాడు. “అల్లుడూ, ఎటూ కాలువలో ఉన్నాయిగా. నాలుగు బిందెలు మొక్కలకి పోసొస్తా.”

“ముట్టుకోకు మామా! సర్కారు నీళ్ళని కాగితం వచ్చేసింది. ఇప్పుడు ముంచితే మనమే దొంగలం. ఉద్యమానికి మచ్చ!”

గురవయ్య బిందె దించాడు. తిరుపాలు నీళ్ళ ఒడ్డున, ఎండుతున్న తోటకి ఎదురుగా కూర్చుని, కాగితం చిరిగేంత గట్టిగా కలం నొక్కి రాశాడు:

“అయ్యా, మా కాలువ ఎండిపోయిందని రుజువు చేద్దామంటే అందులో నీళ్ళు అడ్డొస్తున్నాయి. కాబట్టి ఆ మూడొందల బిందెల నీళ్ళను మీరు తక్షణం తోడి పట్టుకుపోవాలి. ఎప్పుడు పట్టుకుపోతారో ఈ నెల ముప్పయ్యో తారీఖు సాయంత్రం అయిదు గంటలలోగా జవాబివ్వాలి.”